కోహరు టోపీ

"ఇది టోపీనా, చేపల వలా?"

షిగే ఆ ఎర్ర ఊలు టోపీని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు. పొద్దుటి టీ ఇంకా తాగనైనా లేదు.

"చూడు, ఇక్కడ కుట్టు జారింది. ఇక్కడ రెండు కలిసిపోయాయి. ఈ వరసైతే ఎటు పోవాలో దానికే తెలీదు. చేతులతో అల్లావా, కాళ్ళతోనా?"

"క్షమించండి అత్తయ్యా," అంది చినత్సు.

"మీ అమ్మ నీకు పుల్లలతో అన్నం తినడమైనా నేర్పిందా?"

పక్కన కూర్చున్న ఐదేళ్ళ కోహరు నోరు తెరిచింది. "నానమ్మా, అది మరీ..."

చినత్సు గబుక్కున ఒక కమలా తొన కూతురి నోట్లో పెట్టింది.

ఆ రేవు ఊళ్ళో అల్లిక అంటే షిగే. వీధిలో ఆడవాళ్ళందరి చేతా సూదులు పట్టించింది ఆవిడే. ఆవిడ అల్లిన టోపీకి వంక పెట్టినవాళ్ళు లేరు. ఆవిడ చేత వంక పెట్టించుకోని వాళ్ళూ లేరు. అలాంటి ఇంట్లో, మంచు పడటం మొదలైనా మనవరాలి నెత్తిన టోపీ లేదు. పొద్దున్నే షిగే తిట్టడం, ఊలంతా పీకి కోడలి ఒళ్ళోకి విసరడం, చినత్సు దాన్ని మళ్ళీ ఉండ చుట్టడం. రోజూ ఇదే తంతు. చేపల కొట్టు దగ్గర చినత్సు కనబడితే చాలు, ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు.

ఆ రోజు ఊలు పీకకముందే హత్సుయె వచ్చింది. షిగే పాత శిష్యురాలు. చేతిలో పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ.

"రా రా. మీ ఆయన పడవ ఒడ్డుకొచ్చిందా?" అంది షిగే.

ఆ పడవ ఎప్పుడో అమ్మేశారు. ఎత్తిపొడుపనుకుని హత్సుయె మాట మార్చింది. "ఏంటి టీచరుగారూ, ఆ ఎర్రది?"

"మా కోడలి కళాఖండం. చూసి తరించు."

హత్సుయె టోపీలోకి వేలు పోనిచ్చింది. వేలు అవతల తేలింది. ఇద్దరూ విరగబడి నవ్వారు.

"ఇది పెట్టుకుంటే మంచు లోపలికొచ్చి కాపురం పెడుతుంది," అంది షిగే. "పొయ్యిలో పడెయ్."

కోహరు ఒక్క ఉదుటున టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకుంది. చిల్లులోంచి ఒక చెవి బయటికొచ్చింది.

"నాకిదే కావాలి!"

"తల్లికి తగ్గ కూతురు," అంది షిగే, ముఖం తిప్పుకుంటూ.

చినత్సు అందరికీ టీ పోసింది. ముఖంలో కోపం లేదు, చిన్నబోవడమూ లేదు. అది చూసే హత్సుయెకు ఒళ్ళు మండింది. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ నిలదీసింది.

"ఏమ్మా, నీకు కాస్తయినా సిగ్గనిపించట్లేదా? ఊరంతటికీ నేర్పిన మనిషి. ఈ వయసులో నీ మూలంగా తలెత్తుకోలేకపోతున్నారు. చేతకాకపోతే కొట్లో ఒకటి కొని పడెయ్యరాదూ? రేపొస్తా. నీ చేతులు పట్టుకుని నేర్పుతా. ఈ దరిద్రం నేను చూడలేను."

చినత్సు ఒకసారి లోపలికి తొంగి చూసి, తలుపు దగ్గరికి వేసింది. గొంతు బాగా తగ్గించింది.

"మధ్యాహ్నాలు మనవరాలి కోసమని అత్తయ్యే కూర్చుని అల్లుతారండీ, పొద్దున్నకల్లా మరిచిపోతారు, ఆ వంకర కుట్లు తన చేతివేనని తెలిస్తే తట్టుకోలేరు, అందుకని రేపొచ్చినప్పుడు కూడా మీరు నన్నే తిట్టండి."