సగం సిగ్నల్

"ఇంటి మీద యాంటెనానా, కేబులా, డిష్షా?" అడిగాడు టీవీ దుకాణం యజమాని.

రికార్డర్ కొనడానికొచ్చిన ఆవిడ ఒకసారి వీధి వైపు చూసింది. గొంతు తగ్గించి, "యాంటెనా బాబూ" అంది, అదేదో చెయ్యకూడని పనైనట్టు.

"అయితే సొంతంగా సిగ్నల్ పట్టుకునే రికార్డర్ కావాలి. టీవీలో ఒకటి చూస్తుండగా ఇంకోటి రికార్డవ్వాలా?"

"అదే కావాలి. మా ఆయన కుస్తీలు చూస్తుంటారు. సరిగ్గా అప్పుడే వాతావరణం వార్తలు వస్తాయి. ఆయనకి తెలియకుండా రికార్డవ్వాలి. లైటు వెలక్కూడదు, చప్పుడు రాకూడదు."

యజమాని తల గోక్కున్నాడు. సీరియళ్ల కోసం మొగుడూ పెళ్లాలు కీచులాడుకోవడం అతనికి కొత్త కాదు. వాతావరణం కోసం ఇంత గుట్టు ఎందుకో అంతుపట్టలేదు.

"వాకిట్లోకొచ్చి ఆకాశం చూస్తే సరిపోదా అక్కయ్యగారూ?"

ఆవిడ నవ్వలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంది. అతను కంగారుపడి స్టూలు తెచ్చి వేశాడు. కూర్చుని, కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఉన్నదంతా చెప్పేసింది.

ఆ వాతావరణం చెప్పే పిల్ల ఆవిడ కూతురు. నాలుగేళ్ల కిందట చెప్పాపెట్టకుండా పెళ్లి చేసుకుంది. "దాని మొహం ఈ ఇంట్లో కనబడ్డానికి వీల్లేదు" అని తండ్రి ఖరాఖండిగా చెప్పేశాడు. లోకంలో ఇంకే ఉద్యోగమూ లేనట్టు, ఏడాది తిరక్కుండా ఆ పిల్లకి టీవీలో రోజూ సాయంత్రం ఆరింటికి మొహం చూపించే ఉద్యోగమే దొరికింది. ఆరవుతుండగానే ఆయన రిమోటు చేతపట్టుకుని కూర్చుంటాడు. కుస్తీలు పెట్టి సౌండు పెంచుతాడు. ఆవిడ వంటింట్లో నిలబడి ఎవరెవరో ఒకళ్లనొకళ్లు ఎత్తి కుదేస్తున్న చప్పుడు వింటుంది.

నిన్న మందుల షాపులో టీవీ మోగుతోంది. పటం మీద మేఘాలు చూపిస్తూ పిల్ల పక్కకి తిరిగింది. తల్లికి ఇంకొకరు చెప్పాలా? ఏడో నెల. ఈ శుక్రవారం తర్వాత కొన్నాళ్లు సెలవని నవ్వుతూ చెప్పింది కూడా. దారినపోయే వాళ్లందరికీ తెలిసిన కబురు కన్నతల్లికి దగ్గుమందు కొంటుంటే తెలిసింది.

"ఇంక నాలుగు రోజులే ఉన్నాయి బాబూ. ఆ నాలుగు రోజులైనా దాన్ని కళ్లారా చూసుకోవాలి. మళ్లీ ఎప్పటికో, ఏమిటో. మధ్యాహ్నాలు ఆయన తన గదిలో తలుపేసుకుని పాత రేడియోలు బాగుచేసుకుంటుంటారు. అప్పుడు చూసుకుంటాను."

"బొమ్మ బాగా వస్తుందా?"

"అప్పుడప్పుడు గళ్లు గళ్లుగా చెదిరి ఆగిపోతుంది. ఎవరినైనా పిలుద్దామంటే ఒప్పుకోరు. రిటైరయ్యేదాకా టెలిఫోన్ లైన్లు వేసిన మనిషి. ఇంట్లో తీగ మీద ఇంకొకరు చెయ్యి వేస్తే తల కొట్టేసినట్టుంటుంది ఆయనకి."

"టీవీలో గళ్లు పడితే రికార్డులోనూ గళ్లే పడతాయి. వచ్చింది దాచుకోవడమే గానీ రానిదాన్ని తెచ్చిపెట్టే రికార్డర్ ఇంకా పుట్టలేదు. ముందు ఇంటికొచ్చి సిగ్నల్ చూస్తాను."

మర్నాడు పొద్దున ఆయన క్షవరానికి వెళ్లాడు. ఆయన క్షవరం అంటే గంటన్నర. పావుగంట జుట్టుకి, మిగతాది రాజకీయాలకి. ఆయన వీధి మలుపు తిరగ్గానే యజమాని చంకలో రికార్డర్, చేతిలో మీటరుతో దిగాడు.

మేడ మీద కొలిచాడు. టీవీ దగ్గర కొలిచాడు. మళ్లీ పైకి పరిగెత్తాడు.

"పైన నిండుగా ఉందండీ. కిందికొచ్చేసరికి సగమే. దారిలో ఎవరో లాగేసుకుంటున్నారు."

"పక్కింటివాళ్లా? అమ్మో, ఆయనకి తెలిస్తే రణరంగమే. వద్దు బాబూ, ఉన్నదానికే బిగించెయ్."

"బిగిస్తే మీ అమ్మాయి ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. ఫరవాలేదా?"

"అయితే వెతుకు బాబూ" అంది ఆవిడ.

నీళ్ల ట్యాంకు వెనకాల దొరికింది, ఒక తీగని రెండుగా చీల్చే అగ్గిపెట్టెంత డబ్బా. రెండో తీగ గోడ వెంబడి దిగింది. జానెడుకో మేకు, ఎక్కడా వంకర లేదు. యజమాని మెచ్చుకోలుగా చూశాడు. అది పక్కింటికి వెళ్లలేదు. కిటికీ మూల నుంచి వాళ్ల ఇంట్లోకే, ఆయన గదిలోకే దూరింది.

మూడేళ్లుగా ఊడవడానికి కూడా ఆవిణ్ణి రానివ్వని గది అది. ఆవిడ గడియ మీద చెయ్యి వేసింది. వీధిలో ఏదో చెప్పుల చప్పుడైతే చెయ్యి వెనక్కి తీసేసుకుంది. చప్పుడు దాటిపోయాక గడియ తీసింది.

గదిలో ఒక్క రేడియో కూడా లేదు.

ఒక కుర్చీ. దాని ఎదురుగా ఒక చిన్న టీవీ. టీవీ కింద నల్లటి పెట్టె.

"ఇదీ రికార్డరే అక్కయ్యగారూ" అన్నాడు యజమాని.

ఆవిడ మొహం పాలిపోయింది. ఈ వయసులో రోజూ తలుపేసుకుని ఈ మనిషి చూస్తున్నదేమిటి? పరాయివాడి ముందు పరువు పోతుందేమోనని భయమేసింది. "వద్దు బాబూ, ముట్టుకోకు" అంది.

అప్పటికే అతను మీట నొక్కేశాడు.

తెర నిండా తేదీలు పడ్డాయి, అన్నీ సాయంత్రం ఆరు గంటల వాతావరణాలే, పిల్ల మొట్టమొదట మేఘాలు చూపించిన రోజు నుంచి నిన్నటిదాకా, ఒక్కటి కూడా తప్పిపోకుండా.