అయ్యగారి గూడు

తాడితోపులోని పక్షుల సంఘానికి దేవుని వాక్యం చెప్పే అయ్యగారు లేక మూడు ఆదివారాలు గడిచాయి. కొత్త కాపరిని వెతకమని సంఘం ముగ్గురు పెద్దలను పెట్టింది: కాకి, కోడి, పిచ్చుక. ఆ ఆదివారం పికిలిపిట్ట వచ్చి వాక్యం చెప్పింది. అందరికీ నచ్చింది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది.

"ఇక్కడ కాపరిగా ఉంటే ఎవరేమడిగినా కాదనకూడదండీ. పాత అయ్యగారు, పావురం గారు, అలాగే ఉండేవారు," అంది కాకి పికిలిపిట్టతో.

"ఉండటానికి ఆయన గూడు ఉంది," అంది కోడి.

"ఆయనెందుకు వెళ్లిపోయారు?" అని అడిగింది పికిలిపిట్ట.

"ఒంట్లో బాగోలేక," అంది కోడి గబుక్కున.

పికిలిపిట్ట తాడిచెట్టు పైకెగిరి గూడు చూసింది. నాలుగు పుల్లలే మిగిలాయి. వాటి సందుల్లోంచి కింద పెద్దల తలలు కనిపిస్తున్నాయి.

"గడ్డి అంతా ఏమైంది?"

పిచ్చుక నోరు విప్పింది. "గుడ్లు పెట్టేటప్పుడు నేను రెండు పరకలు అడిగానండీ, ఇచ్చారు. అలా అందరం అడిగాం. పోయిన వానకి ఆయన మూడు రోజులు తడిశారు."

"నేనుంటాను," అంది పికిలిపిట్ట. "వాన పడేలోపు తలా ఒక్క పరక తెచ్చివ్వండి."

కోడి తన గంపలోకి వెళ్లి రెక్కలు పరుచుకుని కూర్చుంది. పిచ్చుక తన గూట్లోంచి ఒక పరక ముక్కున కరుచుకుంది. కాకి దానివైపే చూస్తోంది. పిచ్చుక పరకను మళ్లీ లోపల పెట్టేసింది.

మొదటి చినుకు పడింది. పికిలిపిట్ట వందనాలు చెప్పి ఎగిరిపోయింది.

"గొంతు బాగానే ఉంది, ఆశే ఎక్కువ," అంది కాకి. "తర్వాత ఎవరున్నారు?"