రంగు పోయిన చోట

రషీద్ భాయ్ పిస్తోలు గొట్టం కొసన నల్లరంగు గోరంత ఊడిపోయింది, దాని కింద కనిపించింది ఇనుము కాదు, చెక్క!

మల్లేశం కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. చెక్కే. రషీద్ భాయ్ మంచం మీద వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతున్నాడు. నడుము బెల్టుకు తోలు ఒర. ఒర అడుగున ఉన్న కంతలోంచి గొట్టం కొస బయటికి తొంగి చూస్తోంది.

నిర్మల్ బొమ్మలు చెక్కిన చేయి మల్లేశానిది. పొనికి కర్రకు రంగులేసి, ఇది మామిడిపండే అని ఈగల్ని కూడా నమ్మించిన ఇల్లు. చెక్కకూ ఇనుముకూ తేడా తెలియదా? ఇనుము అరిగితే తెల్లగా మెరుస్తుంది. ఇది బెల్లం ముక్కలా ఉంది.

ఎడారి దేశంలో, రుస్తాఖ్ దగ్గరి ఆ కూలీల క్యాంపులో వాచ్‌మన్ రషీద్ భాయ్ పిస్తోలంటే అందరికీ హడల్. ఎవరి చేతికీ ఇవ్వడు. దూరం నుంచే చూపిస్తూ కథలు చెబుతాడు.

"కొత్త తుపాకీ పెండ్లికొడుకు అసుంటిది మల్లేశం, చూడనీకే పనికొస్తది. అరిగినదే అసల్ సిపాయి! ఇగో ఈ నొక్కు చూడు. గుర్రం మీదికెంచి పడ్డా ముగ్గురు దొంగల్ని ఒక్కన్నే పట్టిన రోజుది."

ఆ నొక్కు మల్లేశానికి ఎన్నడూ కనిపించలేదు. దూరం కదా అని సరిపెట్టుకునేవాడు.

అంటే ఎవడో అసలుది కొట్టేసి, ఒరలో చెక్కది పెట్టాడు! ఎవడు వాడు? క్యాంపులో నలభై మంది. అందులో వడ్రంగి ఒక్కడే. ఆ ఒక్కడూ తనే.

పైగా ఆ సాయంత్రం నాలుగింటికి పోలీసు సారు వచ్చి తుపాకులు తనిఖీ చేస్తాడని పొద్దున్నే నీళ్ల ట్యాంకరు డ్రైవరు చెప్పిపోయాడు. సారు గొట్టం చూస్తాడు. చెక్క చూస్తాడు. ఆ తర్వాత వడ్రంగిని చూస్తాడు. ముందు జైలు, వెనకే బొంబాయి విమానం. వచ్చి నిండా ఎనిమిది నెలలు కాలేదు.

శుక్రవారం సెలవు. అంతా బజారుకు పోయారు. రెండున్నరకు రషీద్ భాయ్ లేచి, ఎందుకో కథలేమీ చెప్పకుండా బెల్టు మేకుకు తగిలించి స్నానానికి వెళ్లాడు.

మల్లేశం స్టోరులోకి ఉరికాడు. నీళ్ల టాంకీకి పూయగా మిగిలిన వెండి రంగు డబ్బా అడుగున ఇంకా కాస్త ఉంది. రంగు పోయిన చోట వేలితో అద్దాడు. అబ్బ, అచ్చం అరిగిన ఇనుమే! దాంతో పని మీద మోజు పుట్టుకొచ్చింది. ఒరలోంచి లాగితే ఎక్కడెక్కడ అరగాలి? గొట్టం అంచున ఒక గీత, తూటాల చక్రం మీద ఒక మచ్చ. మెరుపు ఎక్కువైతే పెన్సిలు పొడి. చివరికి రషీద్ భాయ్ చెప్పే నొక్కు కూడా ఉలి మొనతో పెట్టేశాడు. ఇరవై ఏళ్ల సర్వీసు ఇరవై నిమిషాల్లో!

నాలుగింటికి సారు దిగాడు. ఖాకీ బట్టలు, నల్ల కళ్లద్దాలు, నడుముకు పిస్తోలు. జీపు చెడిపోయిందట, నీళ్ల ట్యాంకరులోనే వచ్చాడు. బూట్లు మాత్రం సిమెంటుతో తెల్లబడి ఉన్నాయి.

"పిస్తోల్ నికాలో!" అని ఉర్దూలో ఉరిమాడు.

రషీద్ భాయ్ ఒర మీద చేయి అడ్డం పెట్టాడు. సారే ఒరలోంచి లాక్కున్నాడు. గీతలు చూశాడు, మచ్చ చూశాడు, నొక్కు చూశాడు. ముఖం చాటంత అయింది. "వాహ్!" అన్నాడు. మల్లేశం లోలోపల గంతులేశాడు.

అప్పుడు సారు దాన్ని సరదాగా అరచేతిలో ఎగరేశాడు. అది అప్పడంలా లేచింది. సారు ముఖం వాడిపోయింది. వేళ్లు చూసుకుంటే వెండి రంగు. అదే రంగు మల్లేశం బొటనవేలి మీద.

"చోర్!" అంటూ మల్లేశం చేయి పట్టుకున్నాడు. "అసలీ కహాఁ హై? అభీ లావ్!" అని అసలుది తెమ్మని గుంజాడు.

"నేను తియ్యలే సార్! రంగు ఒక్కటే ఏసిన. నా బిడ్డ శాంతవ్వ మీద ఒట్టు!"

రషీద్ భాయ్ సిగ్గుతో తల గోక్కుంటూ మల్లేశం వైపు తిరిగాడు. "నువ్వు ఏడువకు రా. అసలుది ఉంటే కదా దొంగతనం? కంపెనీవాళ్లు ఒర ఇచ్చిన్రు, తుపాకీ వచ్చే నెల అన్నరు. మూడేండ్లాయె. ఇది బొంబైల నాటకాల దుకాణంల కొన్న."

"మరి గుర్రం మీదికెంచి పడ్డది? ముగ్గురు దొంగలు?"

"దొంగలు కూడా ఆ దుకాణం మాలే అనుకో."

ఈ ముక్క సారుకు ఉర్దూలో ఏ ముఖంతో చెప్పాలా అని రషీద్ భాయ్ ఇంకా తడుముకుంటుండగానే, సారు "హాయ్ రే" అని సిమెంటు బస్తా మీద కూలబడ్డాడు. ఆ కూలబడటంలో ఆయన ఒర అడుగు పైకి లేచింది. కంతలోంచి గొట్టం కొస కనిపించింది. రంగు పోయిన చోట, బెల్లం ముక్క.

మల్లేశం వంగి మరీ చూశాడు. ఇంతసేపటి భయం నవ్వై తన్నుకొచ్చింది.

"సార్, మీ పిస్తోలుకు గూడ రంగు పోయింది. డబ్బాల ఇంకింత ఉన్నది, ఏయమంటరా?"

సారు నల్ల కళ్లద్దాలు తీశాడు. ఉరిమిన ఉర్దూ ఎటు పోయిందో, నోట్లోంచి అచ్చ తెలుగు ఊడిపడింది.

"అన్నా, నేను పోలీసును గాదు, ఖురియాత్ సైట్ల వాచ్‌మన్ గంగన్నను. చెక్క తుపాకితోని కావలి కాయాలంటే పానం గజగజ వణుకుతాంది, యాడన్న ఒక్క అసలుది గుంజుకపోదామని ఈ ఏషం కట్టి ఏడు క్యాంపులు తిరిగిన... ఏడూ చెక్కయే!"