ఎదురుగా కూర్చుని నేర్చిన మెలిక

సొంతూరు యంత్రాలు వచ్చాక ప్రపంచంలో ఏ పాత వస్తువుకూ నిలకడ లేకుండా పోయింది. ఎక్కడ పుట్టిందో తేల్చడం, అక్కడికే తరిమెయ్యడం. ఇక మనుషుల వంతేనని అందరూ గుసగుసలాడుకుంటున్నారు.

కొరియాలోని గ్యోంగ్జు మ్యూజియంలో ఆ ఉదయం యంత్రం బంగారు కమ్మల జతను విడదీసింది. పదిహేను వందల ఏళ్లు ఒకే సమాధిలో ఉన్న జత. ఒకదాని తీగ కుడికి మెలి తిరిగింది గనక ఇక్కడి పాత రాజ్యం సిల్లాదట. రెండోది ఎడమకు తిరిగింది గనక పొరుగు రాజ్యం బేక్జేదట. మధ్యాహ్నం బండికి ఆ రెండోది బేక్జే వైపు వెళ్లిపోవాలి.

మరమ్మతుల పనికి కరీంనగర్ నుంచి వచ్చిన వెండితీగ పనిమంతురాలు వీరమణికి కాలు నిలవడంలేదు. కమ్మల పెట్టె మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది.

"ఏందమ్మా, ఊకె గట్ల తిరుగుతున్నవ్?" అంది పక్కన పనిచేస్తున్న కూతురు కీర్తన.

"ఈ కమ్మలు చేసినోళ్లు ఒకలకు ఎదురుంగ ఒకలు కూసోని నేర్సుకున్నరే ఈ పని. ఎదురుంగ కూసోని సూస్తె మెలిక తిరగబడ్తది. నువ్వు నా ముంగట కూసోనే నేర్సుకుంటివి గదా, నీ తీగ ఎటు తిరిగింది?"

కీర్తన చేతిలోని తీగ చూసుకుంది. ఎడమకే.

ఇప్పుడైనా యంత్రం తప్పు ఒప్పుకుంటుందని వీరమణి తన తీగనూ కూతురి తీగనూ అందులో పెట్టింది. యంత్రం తడుముకోకుండా రెండు చీటీలు కక్కింది. తల్లిది సిల్లా. కూతురిది బేక్జే.

కీర్తన నవ్వబోయింది. అంతలో బయట బేక్జే వైపు పోయే బండి హారన్ మోగింది. గబుక్కున అమ్మ చెయ్యి పట్టుకుంది.