మట్టిపలక మీద ఆఖరి అక్షరం

అబద్ధమాడితే నా మీసం తీయించుకుంటాను. మా ఊళ్లో గేదెలు కూడా ఇప్పుడు తవుడు బస్తా మీది మేకుల్లాంటి గీతల రాత చదువుకుని గాని కుడితి ముట్టవు. నాలుగువేల ఏళ్ల కిందట బాగ్దాదు వైపు మట్టిపలకల మీద నొక్కిన ఆ అక్షరాలన్నీ కంప్యూటర్లకెక్కి, పాలపాకెట్ల దాకా వచ్చేశాయి. ఒక్కటే మిగిలింది. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఉండే నంబరు సాయంత్రంలోగా దానికీ పడాలి, లేకపోతే జాబితాలోంచి తీసేస్తారు.

దాని కోసం తొమ్మిదేళ్లు కష్టపడిన పాతలిపుల పంతులమ్మ హంసిని, గోడ మీది తెరలోంచి ఆ పాత పలక చూపిస్తూ మా కుమ్మరి పోలమ్మని బతిమాలింది. "దీన్నెలా నొక్కారో పచ్చిమట్టి మీద చేసి చూపించు పిన్నీ."

"అది రాజుగారి గాడిద పేరు," అన్నాను నేను.

"నువ్వు నోరు మూసుకో బావా," అంటూ పోలమ్మ ముద్ద చరిచి, పలక చేసి, మూలన బొటనవేలి గోరు గుచ్చింది. తెర మీద పాతదీ కొత్తదీ రెండు గుర్తులూ పక్కపక్కన నిలిచాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇది అక్షరం కాదమ్మా. మట్టి పదునుకొచ్చిందో లేదో మా కుమ్మరోళ్లమంతా ఇలాగే గోరు గుచ్చి చూస్తాం."

హంసిని మొహం పాలిపోయింది. ఆ అక్షరాన్ని జాబితాలోంచి తనే కొట్టేసి, తన దగ్గరున్న పాత పలక మీది గోటిగుర్తుని వేలితో మెల్లిగా తడిమింది.

"అంటే... ఎవరో ఇక్కడ చెయ్యి పెట్టి చూశారు."

 నేను కోతలు మాని, పోలమ్మ పలక మీది గోటిగుంటలో నా బొటనవేలు ఆనించి చూశాను.

"చూసి, మట్టి పదునుకొచ్చింది, ఇంక రాసుకోండని ఇచ్చారు," అంది పోలమ్మ.