నాలుగు పేజీల ద్వీపం

అరిజోనాలోని చాండ్లర్‌లో ఏ తెలుగువాళ్లు ఆ ద్వీపానికి బయల్దేరినా ముందు శ్యామ్‌సుందర్‌ని అడగాల్సిందే. కరీబియన్ సముద్రంలో ఉన్న బుల్లి ద్వీపం. అమెరికాదే కాబట్టి వీసా స్టాంపింగ్ బెంగ లేదు. అక్కడ ఫెర్రీ ఎన్నింటికి, ఏటీఎం ఎక్కడ, దోమలు ఏ వేళకి కుడతాయి, అన్నీ ఆయన నాలుక చివరే ఉంటాయి. పిల్లలైతే ఐలాండ్ అంకుల్ అనే పిలుస్తారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయనకి తల కొట్టేసినట్టవుతుంది.

శనివారం పొద్దున్నే రెండు వీధుల అవతల ఉన్న మోహన్ ఇంటికి వెళ్లాడు. చేతిలో నాలుగు పేజీల ప్రింటవుట్. మోహన్, రష్మిల చిన్నది హాసినికి వచ్చే వారం మూడేళ్లు నిండుతాయి. పుట్టినరోజు ఆ ద్వీపంలో చేద్దామని టికెట్లు బుక్ చేసుకున్నారు.

ఆ నాలుగు పేజీల కోసం శ్యామ్‌సుందర్ వారం రోజులు ఒళ్లొంచి కూర్చున్నాడు. ఊరికే కాదు.

మూడేళ్ల క్రితం రష్మి నిండు నెలలతో ఉంది. వాళ్లమ్మకి వీసా రాలేదు. "అన్నా, డెలివరీ టైంలో నాలుగు రోజులు విహాన్‌ని మీ ఇంట్లో ఉంచుకుంటారా?" అని మోహన్ అడిగాడు. విహాన్‌కి అప్పుడు రెండేళ్లు. ఇంట్లో ఉన్న వస్తువు ఉన్నచోట ఉండనివ్వని పిడుగు. శ్యామ్‌సుందర్ భార్య రేణు వంక చూశాడు. రేణు నేల వంక చూసింది.

"అయ్యో మోహన్, సరిగ్గా ఆ వారమే మేం ఐలాండ్ వెళ్తున్నాం. టికెట్లు క్యాన్సిల్ చేస్తే పైసా రాదు" అన్నాడు.

మోహన్ ఒక్క మాట అనలేదు. పైగా రష్మే, "జూన్ ఎండకి మీ గుమ్మం ముందు కరివేపాకు చెట్టు మాడిపోతుంది అన్నయ్యా. పొద్దున వాకింగ్‌కి వస్తాను కదా, నేను నీళ్లు పోస్తాలెండి" అంది.

తీరా నొప్పులు ఆ వారంలోనే వచ్చాయి. పురిటి గదిలోకి పిల్లాణ్ణి రానిచ్చేది లేదన్నారు. విహాన్‌ని చంకనేసుకుని మోహన్ పార్కింగ్ లాట్‌లో, కారులో ఏసీ పెట్టుకుని కూర్చున్నాడు. రష్మి ఒక్కతే, చెయ్యి పట్టుకునే దిక్కు లేకుండా, హాసినిని కన్నది.

ఆ తరవాత రష్మి "అన్నయ్యా" అనడం మానేసింది. "శ్యామ్‌గారూ" అంటుంది. మర్యాదకేం లోటు లేదు. కాఫీ ఇస్తుంది, పండగకి బొబ్బట్లు పంపిస్తుంది. కానీ ఆ 'గారు' దగ్గరే ఆయనకి ముల్లు గుచ్చుకుంటుంది. ఛీ, ఎంత పని చేశాం అని మూడేళ్లుగా కుమిలిపోతూనే ఉన్నాడు. ఈ ట్రిప్ ఏ ఇబ్బందీ లేకుండా జరిపించగలిగితే ఆ పాత పిలుపు మళ్లీ వస్తుందేమోనని ఒకే ఒక్క ఆశ.

"అన్నా, కారు ఇప్పుడే బుక్ చేయాలా?" మోహన్ షూస్ వేసుకుంటూ అడిగాడు.

"ఇవాళే చేసెయ్. ఆ కాసిని జీపులూ ముందే అయిపోతాయి. డ్రైవింగ్ ఎడమవైపు, మన ఇండియాలోలాగే. ఫెర్రీకి గంట ముందు లైన్లో ఉండాలి. వెజ్ దొరకడం కష్టం, చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. ఆవకాయ మాత్రం హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టకండి, సెక్యూరిటీలో తీసి పారేస్తారు."

"వామ్మో! గూగుల్ కూడా ఇంత చెప్పదన్నా" అని నవ్వేసి, విహాన్‌ని స్విమ్మింగ్ క్లాస్ నుంచి తీసుకురావడానికి వెళ్లిపోయాడు మోహన్.

రష్మి పేజీలు తిప్పుతోంది. హాసిని తల్లి ఒళ్లో కూర్చుని పేజీల మూలలు మడుస్తోంది.

"అక్కడ నీళ్లు ఏ రంగులో ఉంటాయి శ్యామ్‌గారూ?"

"నీలం. అంటే... కొంచెం ఆకుపచ్చ కూడా."

"ఫొటోలున్నాయా? దీనికి చూపిద్దామని."

"అప్పుడే చెప్పాను కదమ్మా, ఫోన్ సముద్రంలో పడిపోయింది."

హాసిని ఆయన్ని చూసి "ఐలాండ్ అంకుల్" అని నవ్వింది. అంతే, ఇక పట్టలేకపోయాడు.

"రష్మీ, అంత కష్టంలో నీకు మేం లేకుండా పోయాం. ఆ ఎండలో, అంత బరువుతో వచ్చి మా చెట్టుకి నీళ్లు కూడా పోశావు. నీకు నా మొహం చూపించాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా. ఒక్కసారి నన్ను తిట్టెయ్, పోనీ."

రష్మి తిట్టలేదు. కాగితాలు నీటుగా సర్ది టీపాయ్ మీద పెట్టింది. పాపని దింపి ఆడుకోమని పంపింది.

"ఇవి మాకు బాగా పనికొస్తాయి. చాలా కష్టపడి రాశారు" అంది. "నేను మాత్రం మా ఆయనకి ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా. మీరంటే ఆయనకి ప్రాణం."

"ఏం చెప్పలేదమ్మా?"

రష్మి తలెత్తి మూడేళ్లలో మొదటిసారి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"మీరు ఐలాండ్‌లో ఉన్న మూడో రోజు పొద్దున, నేను కరివేపాకు చెట్టుకి నీళ్లు పోస్తుంటే, లోపల మీ వంటింట్లో కుక్కర్ మూడు విజిల్స్ వేసింది అన్నయ్యా."