వర్జ్యం లోపల ఆదిలాబాద్

“భయమా? నాకేం భయం లేదు. నీకుంటే ఇప్పుడే చెప్పు బిడ్డా, దిగిపోత,” అంది జానకీబాయి, కొంగు నడుముకు దోపుకుంటూ.

బాలకిషన్‌రావు నవ్వబోయి మానుకున్నాడు. పక్క సీట్లో కూర్చున్నది మామూలు మనిషి కాదు. అతను చేసుకోవాలనుకుంటున్న సరళకు నాయనమ్మ. విమానం నడిపేవాడికి పిల్లనివ్వడమేమిటని ఆ ఇంట్లో కొన్నాళ్లుగా ఒకటే రభస. చివరికి ఈమే, “నేనొక్కసారి వాని పక్కన కూసోని చూస్త, అటెన్క మాట్లాడుదాం,” అని అందరి నోళ్లూ మూయించింది.

“పదకొండుకు వర్జ్యం సొస్తది,” అందామె. “గంతకుముందే నన్ను ఆదిలాబాద్‌ల మా తమ్ముని ఇంటికి చేర్చాలె. వర్జ్యంల పిల్ల ముచ్చట మాట్లాడరాదు. చేర్చినవా, ఆడ్నే ఒప్పుకుంట. లేదా, లేదు.”

“చేరుస్త నాయినమ్మా. గంటసేపటి పని.”

అది పంతొమ్మిది వందల అరవై రెండు, జ్యేష్ఠమాసం. ఆ రోజుల్లో విమానం చప్పుడు వినబడితే కరీంనగర్ కచేరీలో గుమాస్తాలు కూడా కలాలు పడేసి బయటికొచ్చేవాళ్లు. ఊరవతల చదును చేసిన మైదానం చుట్టూ ఆవేళ సంతకు వచ్చినంత జనం. ఎంత మంచి రోజులో! ఆకాశంలోకి చూడటానికి మనుషులకు తీరిక ఉండేది. జనంలో సరళ తండ్రి వెంకటేశ్వర్‌రావు దిగులుగా నిలబడ్డాడు. ఆయన పక్కన గొడుగు చాటున సరళ, చూడనట్టుగా చూస్తోంది.

విమానం పైకి లేచింది. జానకీబాయి కాసేపు కళ్లు మూసుకుంది, తర్వాత ఒక్కటి తెరిచింది, ఆ తర్వాత రెండోది.

బాలకిషన్‌రావుకు లైసెన్సు చేతికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. కొత్తవాళ్లు చేసే తప్పులన్నీ అతనూ వరసపెట్టి చేశాడు. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకోకుండా దిగి, ఆగలేక జొన్నచేనులోకి దూసుకుపోయాడు. మానేరును చూసి గోదావరి అనుకుని దారి తప్పి, కిందికి దిగి పెద్దపల్లి స్టేషను బోర్డు చదివితే గాని ఎక్కడున్నాడో తెలియలేదు. రెండుసార్లూ హైదరాబాదులో అతనికి నేర్పిన కైలాసం సారు తిట్టలేదు.

“గివి అందరు చేస్తరు,” అన్నాడాయన. “ఇంకో తప్పుంది. అక్కడ మనకోసం ఎదురుచూస్తుండ్రని మబ్బులల్లకు పోవుడు. అది చేసినోళ్లెవ్వరు నాకు మళ్ల కనబడలే.”

గోదావరి వచ్చింది. ఈసారి నిజంగా గోదావరే. జానకీబాయి అద్దానికి నుదురు ఆనించింది.

“పెండ్లయి అత్తగారింటికి వచ్చేటప్పుడు గీ నీళ్లు పడవల దాటిన,” అంది. “మా తమ్ముడు గా ఒడ్డు మీద నిలబడి ఏడుస్తనే ఉండె. గింతంత పిలగాడు.”

ఎలాగైనా ఈమెను తమ్ముడి దగ్గరికి చేర్చాలని బాలకిషన్‌రావుకు గట్టిగా అనిపించింది. వేగం పెంచాడు.

నిర్మల్ దగ్గరపడేసరికి ముందంతా నల్లబడింది. కొండల మీదికి మబ్బు దిగి కూర్చుంది. కింద అడవి కనిపిస్తోంది, ఎదురుగా ఏమీ కనిపించడం లేదు. చినుకులు అద్దానికి కొట్టుకున్నాయి.

“నాయినమ్మా, మలుపుత,” అన్నాడు.

“మలుపుడేంది? గిదంత దాటితే ఆదిలాబాదేనంటివి గద!”

“అవు. కని మబ్బు...”

“మబ్బుకు పరేషానైతే విమానమెందుకు నేర్చినవ్? మా తమ్ముడు కండ్లు కాయలు కాసేటట్టు చూస్తుండు. ఇంటినిండ చుట్టాలొచ్చిండ్రు. వర్జ్యం మీదికొస్తుంది. జర పోనియ్యి!”

అతను ఇంకొంచెం ముందుకు పోనిచ్చాడు. విమానం ఒక్క కుదుపుతో కిందికి జారి లేచింది.

“మా సరళ నీకు వద్దా?” జానకీబాయి చెవి దగ్గర అరిచింది.

గొడుగు కిందనుంచి చూసిన ఆ కళ్లు గుర్తొచ్చాయి.

“కావాలె. కని ముందల కొండ కనబడ్తలేదు నాయినమ్మా,” అంటూ విమానాన్ని వెనక్కి తిప్పాడు.

“పిరికోనికి పిల్లనియ్య!” అందామె.

కరీంనగర్ మీదికొచ్చి, వంటపొయ్యిల పొగ ఎటు వాలుతోందో చూసి, గాలికి ఎదురుగా తిరిగి దిగాడు. అంత మెత్తగా అతనెప్పుడూ దిగలేదు. ఏం లాభం! పెళ్లి చేజారిపోయిందని ఏడుపొస్తోంది. జనం ఈలలు వేస్తుంటే తల దించుకున్నాడు.

వెంకటేశ్వర్‌రావు పరుగెత్తుకొచ్చి తల్లికి చెయ్యందించాడు. “గింత జల్దిన వచ్చిండ్రు, మామ కలిసిండా అవ్వా?”

“ఏడ కలుసుడు! నడిమిట్లకెల్లి వెనుకకు మలిపిండు, మబ్బున్నదని.”

“వర్జ్యం సంగతి యాది చెయ్యలేదా?”

“చేసిన. బతిమిలాడిన, తిట్టిన. పిల్లనియ్యనని గూడ అంటి. వింటెనా!”

బాలకిషన్‌రావు చేతులు జోడించాడు. “నన్ను మన్నించుండ్రి,” అన్నాడు. సరళ గొడుగు అటు తిప్పేసుకుంది.

“పోనియ్యి బాబూ, ఫికర్ పడకు,” అన్నాడు వెంకటేశ్వర్‌రావు జాలిగా. తల్లివైపు తిరిగి గొంతు తగ్గించాడు. “ఇగ వేరే సంబంధం చూస్త అవ్వా.”

“పిల్ల పోతదన్నా మబ్బులల్లకు పోలే. గీ పిలగానితోనే లగ్గం పెట్టు,” అంది జానకీబాయి.